జోహాన్నెస్ కెప్లర్

జోహాన్నెస్ కెప్లర్ (డిసెంబర్ 27, 1571 – నవంబర్ 15, 1630) జర్మనీ దేశానికి చెందిన సుప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త, గణిత శాస్త్రవేత్త. గ్రహాలు సూర్యుని చుట్టూ తిరిగే తీరును తెలిపే మూడు నియమాలను ఇతడు కనుగొన్నాడు. ఇవి కెప్లర్ గ్రహగమన నియమాలు అనే పేరుతో పాఠ్యపుస్తకాలలో స్థిరపడ్డాయి. వీటిలో మూడవది గ్రహం యొక్క పరిభ్రమణ కాలానికీ, దాని కక్ష్య పరిమాణానికీ గల సంబంధాన్ని తెలుపుతుంది. ఒక గ్రహం సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి ఎంత కాలం పడుతుందో తెలిస్తే చాలు, భూమితో పోల్చినపుడు అది సూర్యునికి ఎన్ని రెట్ల దూరంలో తిరుగుతున్నదో లెక్కించవచ్చును. ఈ ఒక్క సంబంధం కోసం కెప్లర్ సుమారు 22 సంవత్సరాలు వెదికాడు. మొదటి రెండు నియమాలకు లభించిన ప్రాచుర్యం వల్ల మూడవ నియమం వెనుక ఉన్న శ్రమ సాధారణంగా మరుగున పడిపోతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

కెప్లర్ నైరుతి జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తాత సెబాల్డ్ ఆ పట్టణానికి మేయరుగా పనిచేశాడు. అయితే మనుమడు పుట్టేనాటికి ఆ కుటుంబం క్షీణదశలో ఉంది. తండ్రి హైన్రిచ్ జీతానికి పరుల పక్షాన యుద్ధాలు చేసే సైనికుడు. తరచు ఇల్లు విడిచి వెళ్ళేవాడు. చివరకు ఒకసారి వెళ్ళి మరల తిరిగి రాలేదు. తల్లి కాథరీనా ఒక పూటకూళ్ళ ఇంటి యజమాని కుమార్తె. మూలికలతో మందులు తయారుచేయడం ఆమెకు అలవాటు. ఈ అలవాటే ముసలితనంలో ఆమె ప్రాణం మీదకు తెచ్చింది.

పసితనంలో సోకిన మశూచి వల్ల కెప్లర్ చూపు మందగించింది, చేతులు బలహీనపడ్డాయి. అందువలన ఆకాశాన్ని స్వయంగా పరిశీలించి సూక్ష్మమైన కొలతలు తీసే శక్తి అతనికి లేకపోయింది. ఇతరులు తీసిన కొలతలలో దాగి ఉన్న క్రమాన్ని లెక్కల ద్వారా వెలికితీయడమే అతని జీవితకృత్యమయింది. 1577లో కనిపించిన గొప్ప తోకచుక్కను తల్లి అతనిని ఎత్తైన చోటుకు తీసుకువెళ్ళి చూపించింది. 1580లో ఒక చంద్రగ్రహణాన్ని చూశాడు. ఈ రెండు దృశ్యాలూ అతనికి జీవితాంతం గుర్తున్నాయి.

పేదవాడైనా తెలివైన విద్యార్థి కావడం చేత కెప్లర్‌కు ప్రభుత్వ ధనసహాయం లభించింది. మౌల్‌బ్రాన్‌లోని మత పాఠశాలలో చదివి, 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రొటెస్టెంట్ మతబోధకుడు కావాలన్నది అతని కోరిక. అక్కడ గణితం బోధించే మైకేల్ మేస్ట్లిన్ వద్ద కోపర్నికస్ సిద్ధాంతాన్ని నేర్చుకున్నాడు. భూమి నిశ్చలమనీ, సూర్యుడే దాని చుట్టూ తిరుగుతున్నాడనీ విశ్వవిద్యాలయాలు బోధిస్తున్న కాలమది. సూర్యుడు కేంద్రమనే మాట కెప్లర్ మనసులో బలంగా నాటుకుంది.

1594లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో ఒక ప్రొటెస్టెంట్ పాఠశాలకు గణిత ఉపాధ్యాయుడు కావలసి వచ్చింది. విశ్వవిద్యాలయం కెప్లర్‌ను పంపింది. మతబోధన విడిచి వెళ్ళడం ఇష్టం లేకపోయినా అతడు అంగీకరించాడు. పాఠాలు చెప్పడంతో పాటు ఏటేటా పంచాంగం తయారుచేయడం అతని ఉద్యోగ ధర్మం. మొదటి పంచాంగంలో తీవ్రమైన చలి, తురుష్కుల దండయాత్ర వస్తాయని వ్రాయగా రెండూ జరిగాయి. దీనితో కొంత పేరు వచ్చింది. జ్యోతిషంలోని జనాదరణ గల భాగాన్ని కెప్లర్ పెద్దగా గౌరవించలేదు గాని, జీవనోపాధికి అది పలుమార్లు అక్కరకు వచ్చింది.

కాలం తెలుసు, దూరం తెలియదు

గ్రహాల పరిభ్రమణ కాలాలు మనిషికి ప్రాచీన కాలం నుండి తెలుసు. దీనికి పరికరాలతో పెద్దగా పని లేదు, ఓపిక ఉంటే చాలు. శని ఒక నక్షత్రం వద్ద నుండి బయలుదేరి తిరిగి అక్కడికే రావడానికి సుమారు 29 1/2 ఏళ్ళు పడుతుంది. తరతరాలుగా వ్రాసి ఉంచిన పరిశీలనలను కూర్చితే ఈ లెక్క రోజులతో సహా తేలుతుంది. గురునికి సుమారు 12 ఏళ్ళు, కుజునికి 687 రోజులు, శుక్రునికి 225 రోజులు, బుధునికి 88 రోజులు.

దూరం సంగతి అలా కాదు. ఆకాశంలో కనిపించే చుక్క దగ్గర ఉన్నదో దూరాన ఉన్నదో కంటికి తెలియదు. భారతీయ సిద్ధాంత గ్రంథాలు దీనికి ఒక ఉపాయాన్ని అవలంబించాయి. గ్రహాలన్నీ రోజుకు సమానమైన యోజనాలు నడుస్తాయని భావించి, కక్ష్య కొలత పరిభ్రమణ కాలానికి అనులోమానుపాతంలో ఉంటుందని సూర్యసిద్ధాంతం మొదలైనవి లెక్కించాయి. ఆ ప్రకారం కాలం 30 రెట్లయితే కక్ష్య కూడా 30 రెట్లు కావాలి. ఆ లెక్కలు భూమిని కేంద్రంగా పెట్టి చేసినవి. కాలం నుండి దూరాన్ని రాబట్టవచ్చుననే ఆలోచన మాత్రం వాటిలో స్పష్టంగా ఉంది.

సూర్యుని కేంద్రంగా తీసుకున్న కోపర్నికస్ 1543లో గ్రహాల దూరాలను మొదటిసారిగా రేఖాగణితం ద్వారా నిర్ణయించాడు. భూమికీ సూర్యునికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే మిగిలిన గ్రహాల దూరాలు ఎన్ని రెట్లో తెలిసింది. ఈ దూరాలనూ కాలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. దూరమయ్యేకొద్దీ కాలం పెరుగుతున్నది, కాని దూరం కంటే వేగంగా పెరుగుతున్నది. శని దూరం భూమి దూరానికి తొమ్మిదిన్నర రెట్లే, కాలం మాత్రం దాదాపు 30 రెట్లు. శని ఎక్కువ దారి నడవడమే కాక, నెమ్మదిగా కూడా నడుస్తున్నదన్నమాట. ఇలా ఎందుకు జరుగుతుందని పట్టుబట్టి అడిగినవాడు కెప్లర్.

మొదటి ప్రయత్నం

1595 జూలై 19న తరగతిలో పాఠం చెబుతుండగా కెప్లర్‌కు ఒక ఊహ కలిగింది. రేఖాగణితంలో క్రమ ఘనాకృతులు ఐదే ఉన్నాయి. అప్పటికి తెలిసిన గ్రహాలు ఆరు, వాటి నడుమ ఖాళీలు ఐదు. ఒక్కొక్క ఖాళీలో ఒక్కొక్క ఘనాకృతి అమరుతుందని అతడు భావించాడు. ఈ సిద్ధాంతాన్ని వివరిస్తూ వ్రాసిన మిస్టీరియం కాస్మోగ్రాఫికం అనే గ్రంథం 1596 చివర ముద్రణకు వెళ్ళి, మరుసటి ఏడాది వెలువడింది. సిద్ధాంతం తప్పు. అయినా ఆ గ్రంథం అతనికి యూరప్ ఖండమంతటా గుర్తింపు తెచ్చింది.

ఆ పుస్తకం చివరి భాగంలో కెప్లర్ కాలానికీ దూరానికీ ముడిపెట్టే ఒక సూత్రాన్ని కూడా ప్రతిపాదించాడు. సూర్యుని నుండి వెలువడే ఏదో శక్తి గ్రహాలను నడుపుతున్నదనీ, దూరం పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుందనీ అతని ఆలోచన. అందుచేత దూరపు గ్రహం ఆలస్యం కావడానికి కారణాలు రెండు: దారి పొడవు, శక్తి తగ్గుదల. కాబట్టి కాలంలోని పెరుగుదలలో సగమే దూరంలోని పెరుగుదల అని తీర్మానించాడు. ఉదాహరణకు బుధుని కాలం 88, శుక్రుని కాలం 225. ఈ రెంటి సగటు 156.5. దీనిని 88తో భాగిస్తే 1.78 వస్తుంది. అంటే శుక్రుడు బుధుని కంటే 1.78 రెట్ల దూరంలో ఉండాలి. నిజమైన విలువ 1.87. గురుని నుండి శనికి లెక్కిస్తే 1.74 వస్తుంది, నిజమైన విలువ 1.83. కుజుని నుండి గురునికి లెక్కిస్తే 3.65 వస్తుంది, నిజమైనది 3.41.

కొన్నిచోట్ల తక్కువ, మరికొన్నిచోట్ల ఎక్కువ. దగ్గరగానే ఉంది, కాని సరిపోలేదు. కోపర్నికస్ ఇచ్చిన దూరాలు కూడా అంత కచ్చితమైనవి కావు కనుక, తప్పు సూత్రంలో ఉన్నదో కొలతలలో ఉన్నదో తేల్చుకోవడం సాధ్యం కాలేదు. మంచి కొలతలు కావాలి. అవి ఆనాడు ప్రపంచంలో ఒక్క మనిషి వద్దే ఉన్నాయి.

టైకో బ్రాహీతో

డెన్మార్క్ దేశపు ప్రభువంశీయుడు టైకో బ్రాహీ దూరదర్శిని ఇంకా పుట్టని కాలంలో, పెద్ద పెద్ద పరికరాలతో, వట్టి కంటితో 20 ఏళ్ళకు పైగా గ్రహాల స్థానాలను నమోదు చేశాడు. అతడు 1599 నుండి ప్రేగ్ నగరంలో చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ ఆశ్రయంలో ఉన్నాడు. గ్రాజ్‌లో కాథలిక్ పాలకులు ప్రొటెస్టెంట్లను వెళ్ళగొడుతున్న రోజులవి. మతం మారడానికి అంగీకరించని కెప్లర్ 1600లో భార్య బార్బరాతోనూ, సవతి కూతురితోనూ ఊరు విడువవలసి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రేగ్ సమీపంలో టైకోను కలిసి వచ్చాడు కనుక, ఇప్పుడు సహాయకుడుగా అతనివద్దకే చేరాడు.

ఇద్దరికీ పొసగలేదు. టైకో తన కొలతలను దాచుకుని కొంచెం కొంచెంగా ఇచ్చేవాడు. చివరకు అన్నిటికంటే చిక్కైన కుజుని లెక్కను కెప్లర్‌కు అప్పగించాడు. ఇది కెప్లర్ అదృష్టమనే చెప్పాలి. కుజుని కక్ష్య వృత్తం నుండి గుర్తించదగినంతగా పక్కకు తొలగి ఉంది. శుక్రుని లెక్క ఇచ్చి ఉంటే వృత్తానికీ దీర్ఘవృత్తానికీ తేడాయే తెలిసేది కాదు. 1601 అక్టోబరు 24న టైకో మరణించాడు. కెప్లర్ అతని స్థానంలో చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడుగా నియమితుడయ్యాడు. టైకో పరిశీలన పుస్తకాలను వారసులు అడ్డుచెప్పేలోగా తన అధీనంలోకి తెచ్చుకున్నాడు.

కుజుని కక్ష్య వృత్తమేనని భావించి కెప్లర్ సుదీర్ఘమైన లెక్కలు చేశాడు. ఒకే రకమైన గణనను 70 సార్లు తిరగవ్రాసిన సందర్భం ఉంది. తయారైన నమూనా టైకో కొలతలతో చాలాచోట్ల సరిపోయింది. కొన్నిచోట్ల మాత్రం 8 కోణీయ నిమిషాల తేడా కనబడింది. ఇది పూర్ణచంద్రుని వ్యాసంలో సుమారు నాలుగవ వంతు. మరొకరైతే సర్దుకుపోయేవారు. టైకో అంత తప్పు చేయడని కెప్లర్ నమ్మాడు. కొన్ని ఏళ్ళ శ్రమను పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుండి ప్రారంభించాడు. ఆ 8 నిమిషాల నుండే కొత్త ఖగోళశాస్త్రం పుట్టింది.

1609లో వెలువడిన ఆస్ట్రోనోమియా నోవా గ్రంథంలో మొదటి రెండు నియమాలు ఉన్నాయి. గ్రహం దీర్ఘవృత్తంలో తిరుగుతుంది, సూర్యుడు దాని ఒక నాభి వద్ద ఉంటాడు. గ్రహాన్నీ సూర్యుణ్ణీ కలిపే రేఖ సమాన కాలాలలో సమాన వైశాల్యాలను చిమ్ముతుంది. వీటిలో రెండవదానినే కెప్లర్ ముందుగా కనుగొన్నాడు. ఈ రెండు నియమాలూ ఒక గ్రహం తన సొంత కక్ష్యలో ఎలా నడుస్తుందో చెబుతాయి. ఒక గ్రహానికీ మరొక గ్రహానికీ ఏమి సంబంధమో చెప్పవు. 1596 నాటి ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ప్రేగ్‌లో ఉన్నకాలంలోనే కెప్లర్ 1604లో కాంతిశాస్త్రం మీద, 1611లో దూరదర్శిని కటకాల మీద గ్రంథాలు వ్రాశాడు. 1604లో ఆకాశంలో కనబడిన కొత్త నక్షత్రాన్ని పరిశీలించాడు. దానిని ఇప్పుడు కెప్లర్ సూపర్నోవా అంటారు. 1607లో ఒక తోకచుక్కను కూడా పరిశీలించాడు. దీని ప్రస్తావన తరువాత వస్తుంది.

కష్టకాలం

1611 కెప్లర్ జీవితంలో చెడ్డ సంవత్సరం. ఆరేళ్ళ కుమారుడు ఫ్రెడ్రిక్ మశూచితో మరణించాడు. కొద్ది నెలలకు భార్య బార్బరా కన్నుమూసింది. రుడాల్ఫ్ సింహాసనం కోల్పోయాడు. 1612లో కెప్లర్ ఆస్ట్రియాలోని లింజ్ పట్టణానికి జిల్లా గణితజ్ఞుడుగా వెళ్ళాడు. మత విషయాలలో తనకు తోచినదే చెప్పే స్వభావం వల్ల అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి అతనిని ప్రభు సంస్కారంలో చేరనివ్వలేదు. కాథలిక్కులు ఒకవైపు, సొంత మతంవారు మరొకవైపు అతనిని దూరం పెట్టారు.

1613లో సుసన్నాను వివాహం చేసుకున్నాడు. పెళ్ళికి కొన్న ద్రాక్షసారా పీపాల ఘనపరిమాణాన్ని వర్తకుడు ఒక కర్రను లోపలికి దించి కొలిచిన తీరు అతనికి వింతగా తోచింది. ఆ విషయమై 1615లో ఒక గణిత గ్రంథమే వ్రాశాడు. తరువాతి కాలపు సమాకలన గణితానికి ఇది ముందడుగు.

1615లోనే తల్లి కాథరీనా మీద మంత్రగత్తె అనే నింద వచ్చింది. ఆమె ఇచ్చిన పానీయం వల్ల జబ్బు చేసిందని పొరుగున ఉన్న ఒక స్త్రీ ఆరోపించింది. ఆ రోజులలో ఇటువంటి నిందకు శిక్ష సజీవ దహనం. 1617లో తల్లి కోసం స్వదేశానికి ప్రయాణమైన కెప్లర్, దారిలో చదువుకోవడానికి గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి వ్రాసిన సంగీత గ్రంథాన్ని వెంట తీసుకువెళ్ళాడు. గ్రహాల గమనానికీ సంగీత స్వరాలకూ సంబంధం ఉందని అతడు ఎప్పటినుండో నమ్ముతున్నాడు. ఆ ఏడాదే చిన్న కూతురు మార్గరెటా రెజీనా చనిపోయింది. 1618 ఫిబ్రవరి 9న ఇంకొక పసికూతురు కాథరీనా కూడా చనిపోయింది.

ఆ సమయంలో కెప్లర్ చేయవలసిన పని టైకో కొలతల ఆధారంగా గ్రహ గణన పట్టికలు తయారుచేయడం. మనశ్శాంతి లేని స్థితిలో ఆ అంకెల పని సాగలేదు. దానిని పక్కన పెట్టి, ఎన్నో ఏళ్ళుగా మనసులో ఉన్న విశ్వసామరస్య గ్రంథాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

మూడవ నియమం

కూతురు పోయిన నెల రోజులకు, 1618 మార్చి 8న, కెప్లర్‌కు సరైన సంబంధం తట్టింది. టైకో కొలతలతో సరిచూశాడు. లెక్కలో ఎక్కడో పొరపాటు దొర్లింది, ఫలితం సరిపోలేదు. అది తప్పని భావించి వదిలివేశాడు. రెండు నెలల తరువాత మే 15న మళ్ళీ దానివైపే వచ్చి, ఈసారి సరిగా లెక్కించాడు. ప్రతి గ్రహానికీ సరిపోయింది. ముందే అనుకున్నదానిని సత్యంగా భ్రమిస్తున్నానేమోనని మొదట అనుమానపడ్డాడు కూడా. మే 27న గ్రంథం పూర్తయింది. ఈ మధ్యలోనే, మే 23న, ప్రేగ్ కోటలో చక్రవర్తి అధికారులను కిటికీలో నుండి బయటకు విసరివేయడంతో 30 సంవత్సరాల యుద్ధానికి నాంది పలికింది.

హార్మోనిసెస్ ముండి అనే ఈ గ్రంథం 1619లో లింజ్‌లో ముద్రితమై ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు అంకితమయింది. ఐదవ భాగం మూడవ అధ్యాయంలో, వరుసగా చెప్పిన అంశాల నడుమ, మూడవ నియమం కనబడుతుంది. దానికి వేరే శీర్షిక లేదు. శని స్వరం ఏది, భూమి స్వరం ఏది అనే సంగీత చర్చకు ఉపకరణంగానే రచయిత దానిని అక్కడ ఉంచాడు. సంగీత చర్చను శాస్త్రం తరువాత పక్కన పెట్టింది. ఆ ఒక్క అంశం నిలిచింది.

నియమం ఇది: ఏ రెండు గ్రహాలను తీసుకున్నా, వాటి పరిభ్రమణ కాలాల వర్గాల నిష్పత్తి, సూర్యుని నుండి వాటి సగటు దూరాల ఘనాల నిష్పత్తికి సమానం. ఇక్కడ సగటు దూరమంటే దీర్ఘవృత్తపు దీర్ఘాక్షంలో సగం. కాలాన్ని సంవత్సరాలలోనూ, దూరాన్ని భూమి–సూర్యుల సగటు దూరంతోనూ (దీనిని ఖగోళ ప్రమాణం అంటారు) కొలిస్తే, కాలం వర్గం దూరం ఘనానికి నేరుగా సమానమవుతుంది.

లెక్క చేసే పద్ధతి సులభం. గురుని కాలం 11.86 సంవత్సరాలు. దీని వర్గం 140.66. ఘనమూలం 5.20. కాబట్టి గురుడు భూమి కంటే 5.20 రెట్ల దూరంలో ఉన్నాడు. కుజుని కాలం 1.881 సంవత్సరాలు, వర్గం 3.538, ఘనమూలం 1.524. శని కాలం 29.46, వర్గం 867.9, ఘనమూలం 9.54. చేతితో లెక్కించేవారు ముందు ఘనమూలం తీసి తరువాత వర్గం చేస్తే అంకెలు చిన్నవిగా ఉంటాయి. కెప్లర్ తన గ్రంథంలో శనికి ఇలాగే చేసి చూపాడు: 30కి ఘనమూలం 3 కంటే కొంచెం ఎక్కువ, దాని వర్గం 9 కంటే కొంచెం ఎక్కువ, శని దూరం కూడా అంతే.

ఘనమూలాలు తీయడం అప్పట్లో విసుగు పుట్టించే పని. స్కాట్లండుకు చెందిన నేపియర్ 1614లో ప్రకటించిన సంవర్గమానాల విలువను కెప్లర్ త్వరలోనే గ్రహించాడు. తానే స్వయంగా సంవర్గమాన పట్టికలు తయారుచేసి 1624లో ప్రకటించాడు. సంవర్గమానాలలో చూస్తే మూడవ నియమం ఒక సరళరేఖ అవుతుంది: కాలం సంవర్గమానంలో మూడింట రెండు వంతులు దూరం సంవర్గమానం.

ఈ సంబంధం సూర్యుని చుట్టూ తిరిగే గ్రహాలకే పరిమితం కాదని కూడా కెప్లర్ చూపాడు. కోపర్నికస్ ఖగోళశాస్త్రాన్ని వివరించే తన ఎపిటోమి గ్రంథంలో, సైమన్ మారియస్ ఇచ్చిన అంకెలతో గురుని నాలుగు చంద్రులకు దీనిని అన్వయించాడు. నేటి అంకెలతో చూద్దాం. అయో 1.769 రోజులలో, కలిస్టో 16.69 రోజులలో గురుని చుట్టివస్తాయి. కాలాల నిష్పత్తి 9.43, వర్గం 89, ఘనమూలం 4.465. అయో దూరం 4,21,800 కి.మీ. కనుక కలిస్టో దూరం సుమారు 18,83,000 కి.మీ. కావాలి. కొలిచిన విలువ కూడా ఇంతే.

తల్లి విచారణ

గ్రంథం అచ్చయిన మరుసటి ఏడాది, 1620 ఆగస్టులో, డెబ్బై ఏళ్ళు దాటిన కాథరీనాను నిర్బంధించారు. ఆమె 14 నెలలు గొలుసులతో కారాగారంలో ఉంది. కెప్లర్ లింజ్ విడిచి వచ్చి ఏడాదికి పైగా స్వదేశంలోనే ఉండి వాదనలు తయారుచేశాడు. సాక్షుల మాటలలోని పరస్పర వైరుధ్యాలను, ఒక్కొక్క ఆరోపణకు గల సహజ కారణాలను వరుసగా వ్రాసి చూపాడు. కుజుని లెక్కలో పొందికలేని చోటును పట్టుకున్న బుద్ధే ఇక్కడా పనిచేసింది. చివరకు చిత్రహింసల పరికరాలను చూపించి బెదిరించినా ఆమె ఏమీ ఒప్పుకోలేదు. 1621 అక్టోబరులో విడుదలై, 1622 ఏప్రిల్‌లో మరణించింది.

ఈ రోజులలోనే కెప్లర్ తన మొదటి పుస్తకానికి రెండవ ముద్రణ (1621) సిద్ధం చేశాడు. పాత పాఠాన్ని మార్చకుండా అలాగే ఉంచి, కాలానికీ దూరానికీ అప్పట్లో చెప్పిన సూత్రం ఎక్కడ తప్పిందో వివరణలు చేర్చాడు.

చివరి సంవత్సరాలు

టైకో కాలం నుండి బాకీపడిన గ్రహ గణన పట్టికలు రుడాల్ఫీన్ పట్టికలు అనే పేరుతో 1627లో ఉల్మ్ నగరంలో వెలువడ్డాయి. అంతకుముందు ఏడాది లింజ్‌ను తిరుగుబాటు రైతులు ముట్టడించినపుడు ముద్రణాలయం కాలిపోయింది. ఈ పట్టికల ఆధారంగా 1631లో బుధుడు, శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా దాటిపోతారని కెప్లర్ ముందుగా తెలిపాడు. 1631 నవంబరు 7న పారిస్‌లో గాసెండి బుధుని దాటింపును కళ్ళారా చూశాడు. అప్పటికి కెప్లర్ మరణించి ఏడాది కావస్తున్నది.

చక్రవర్తి ఖజానా నుండి అతనికి రావలసిన జీతపు బకాయి దాదాపు 12 వేల గిల్డర్లకు చేరింది. చక్రవర్తి ఆ బాకీని సేనాపతి వాలెన్‌స్టైన్‌కు బదిలీ చేశాడు. కెప్లర్ 1628లో అతని ఆశ్రయంలో సాగన్ పట్టణానికి వెళ్ళాడు, కాని డబ్బు పూర్తిగా చేతికి రాలేదు. రావలసిన సొమ్ము కోసం 1630లో గుర్రం మీద రీగెన్స్‌బర్గ్‌కు బయలుదేరి వెళ్ళి, అక్కడ జ్వరంతో నవంబర్ 15న మరణించాడు. కొద్ది కాలానికే యుద్ధంలో ఆ స్మశానం నాశనమైంది. సమాధి ఆనవాలు కూడా మిగలలేదు. చంద్రలోక యాత్రను గురించి వ్రాసిన సోమ్నియం అనే కథ 1634లో వెలువడింది.

నిష్పత్తి నుండి కిలోమీటర్లకు

మూడవ నియమం ఇచ్చేది నిష్పత్తులనే. గురుడు భూమి కంటే 5.20 రెట్ల దూరంలో ఉన్నాడని చెబుతుంది గాని, అది ఎన్ని కిలోమీటర్లో చెప్పదు. సౌరకుటుంబపు చిత్రపటం కచ్చితంగా ఉంది, దానికి స్కేలు మాత్రం లేదు. సూర్యుని దూరం భూమి వ్యాసార్ధానికి సుమారు 3,500 రెట్లని కెప్లర్ అంచనా వేశాడు. నిజానికి అది సుమారు 23,500 రెట్లు. దాదాపు ఏడవ వంతుకు పొరబడ్డాడన్నమాట. అయినా అతని నిష్పత్తులకు ఏమీ లోపం రాలేదు.

ఏదైనా ఒక్క దూరాన్ని కొలిస్తే మిగిలినవన్నీ వాటంతట అవే తెలుస్తాయి. 1672లో పారిస్ నుండి, దక్షిణ అమెరికాలోని కయేన్ నుండి ఒకేకాలంలో కుజుని చూసి ఆ దూరాన్ని లెక్కించారు. 1761, 1769లలో శుక్రుడు సూర్యబింబాన్ని దాటిన సమయాలను అనేక దేశాలలో నమోదు చేశారు. 1874 డిసెంబరు 9 నాటి దాటింపును విశాఖపట్నంలో గోడె వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుండి అంకితం వెంకట నరసింగరావు పరిశీలించాడు. ఖగోళ ప్రమాణం విలువ సుమారు 14 కోట్ల 96 లక్షల కి.మీ. అని ఇప్పుడు తెలుసు.

న్యూటన్ సవరణ

ఈ నియమం ఎందుకు నిజమో కెప్లర్ చెప్పలేకపోయాడు. సూర్యుని అయస్కాంత శక్తి వంటిది గ్రహాలను తోస్తుందని భావించాడు. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గితేనే మూడవ నియమం నిలుస్తుందని న్యూటన్ గ్రహించాడు. 1687లో ప్రిన్సిపియాలో దీనిని నిరూపించాడు. మధ్యలో ఉన్న వస్తువు ద్రవ్యరాశి, తిరిగే వస్తువు ద్రవ్యరాశి కూడా లెక్కలోకి వస్తాయని అతని సవరణ. గ్రహాల ద్రవ్యరాశి సూర్యునితో పోలిస్తే అతి స్వల్పం కావడం వల్లనే కెప్లర్ కంటికి నియమం అంత శుభ్రంగా కనబడింది.

కెప్లర్ 1607లో చూసిన తోకచుక్క కథ ఇక్కడికి వస్తుంది. తోకచుక్కలు సరళరేఖలో వచ్చి పోతాయని అతడు నమ్మాడు, కనుక తన నియమాన్ని వాటికి అన్వయించే ఆలోచనే రాలేదు. ఎడ్మండ్ హేలీ 1531, 1607, 1682లలో వచ్చినది ఒకే తోకచుక్క అని గుర్తించి 1705లో ప్రకటించాడు. ఇందుకు అతడు వాడిన పరిశీలనలలో కెప్లర్‌వి కూడా ఉన్నాయి. 76 సంవత్సరాల కాలానికి వర్గం 5,776, ఘనమూలం 17.9. దీర్ఘాక్షం దీనికి రెట్టింపు, 35.8. సూర్యునికి అతి సమీపంగా వచ్చినపుడు దూరం 0.6 కనుక, అవతలి కొస 35 ప్రమాణాలకు మించి, అంటే నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల ఉంటుంది. హేలీ తోకచుక్క 1986లో వచ్చి వెళ్ళింది, 2061లో తిరిగి రావలసి ఉంది.

భూమి చుట్టూ తిరిగే కృత్రిమ ఉపగ్రహాలకు కొలబద్ద చంద్రుడే. చంద్రుడు 27.32 రోజులలో, 3,84,400 కి.మీ. దూరంలో తిరుగుతున్నాడు. ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు కనబడే భూస్థిర ఉపగ్రహం 23 గంటల 56 నిమిషాలలో ఒక చుట్టు తిరగాలి. కాలాల నిష్పత్తి 27.4, వర్గం 750, ఘనమూలం 9.09. చంద్రుని దూరాన్ని దీనితో భాగిస్తే సుమారు 42,300 కి.మీ. వస్తుంది. కచ్చితమైన విలువ 42,164 కి.మీ. చంద్రుని సొంత ద్రవ్యరాశి, సూర్యుని ఆకర్షణ ఈ చిన్న తేడాకు కారణాలు. ఇందులో భూమి వ్యాసార్ధాన్ని తీసివేస్తే భూతలం నుండి సుమారు 35,786 కి.మీ. శ్రీహరికోట నుండి ప్రయోగించిన భూస్థిర ఉపగ్రహాలన్నీ చివరకు చేరేది ఈ ఎత్తుకే.

కెప్లర్ పేరు

చంద్రుని మీద ఒక బిలానికి, కుజుని మీద ఒక బిలానికి కెప్లర్ పేరు ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2009 మార్చిలో ప్రయోగించిన అంతరిక్ష దూరదర్శినికి కూడా అతని పేరే పెట్టారు. ఇతర నక్షత్రాల ముందు నుండి వాటి గ్రహాలు దాటిపోయినపుడు ఆ నక్షత్ర కాంతి రవ్వంత తగ్గుతుంది. రెండు తగ్గుదలల మధ్య వ్యవధి ఆ గ్రహపు పరిభ్రమణ కాలం. ఆ గ్రహం కంటికి కనబడదు, దాని దూరాన్ని ఏ పరికరమూ నేరుగా కొలవదు. కెప్లర్–22బి అనే గ్రహానికి ఈ వ్యవధి 289.9 రోజులు, అంటే 0.794 సంవత్సరం, వర్గం 0.63. ఆ నక్షత్రపు ద్రవ్యరాశి సూర్యునిలో 0.97 వంతు కనుక, న్యూటన్ సవరణ ప్రకారం గుణిస్తే 0.61; ఘనమూలం 0.85. సూర్యునికీ భూమికీ మధ్య ఉన్న దూరంలో 0.85 వంతు దూరంలో ఆ గ్రహం తిరుగుతున్నది. ఈ దూరదర్శిని 2018 అక్టోబరు 30న విరమించేనాటికి 2,600కు పైగా గ్రహాలను కనుగొన్నది. వాటి కక్ష్యల పరిమాణాలను లెక్కించినది ఈ మూడవ నియమంతోనే.